సంఘం లోపలివాళ్ళకి ఒక ఫోన్ నంబరు: బెంగళూరులో ప్రకటనలు వేసిన అనుభవం

ఇంట్లో ఒకరు మతసంఘంలో చేరి, మెల్లమెల్లగా ఫోన్లు తగ్గించి, చివరికి మాటలే మానేసిన కుటుంబాలు బెంగళూరు తెలుగువాళ్ళలో ఉన్నాయి. మారతహళ్ళి, హూడి, కేఆర్ పురం, బొమ్మనహళ్ళి వైపు అలాంటి కొన్ని కుటుంబాలు, సంఘాల్లోంచి బయటికొచ్చిన కొందరం కలిసి, లోపలివాళ్ళకి ఒక ఫోన్ నంబరు అందించడానికి ప్రకటనలు వేశాం. ఇదే పని తలపెట్టినవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఏ సంఘం పేరూ ఇక్కడ రాయను. ప్రకటనల్లోనూ రాయలేదు. అది ఆశ్రమం కావచ్చు, ప్రార్థన మందిరం కావచ్చు, ధ్యానం క్లాసులతో మొదలైన గురువుగారి గ్రూపు కావచ్చు. వాళ్ళ నమ్మకంతో మాకు పేచీ లేదు, పేచీ పద్ధతితోనే. ఫోన్ తీసుకుని చూడటం, జీతం ఎంతో ఎటు పోతోందో లెక్క చెప్పమనడం, పెళ్ళి వాళ్ళే కుదర్చడం, పండక్కి ఊరెళ్ళనివ్వకపోవడం, వదిలేసి వెళ్ళినవాళ్ళతో మాట్లాడితే వెలివేయడం. ఇలాంటి గుంపుల లక్షణాలు ఎనిమిదని అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ 1961లో చెప్పాడు. వాటిలో మొదటిది, మనిషి ఎవరితో మాట్లాడాలో, ఏం వినాలో అదుపు చేయడం. వీధిలో కనిపించే ప్రకటనని మాత్రం ఎవరూ పూర్తిగా అదుపు చేయలేరు. ఈ దారి ఎంచుకోవడానికి కారణం అదే.

ముందు తేల్చుకోవాల్సింది ప్రకటన ఎవరి కోసం అని. నిండా నమ్మినవాళ్ళని బోర్డు కదిలించదు. 1954లో అమెరికాలో ఒక చిన్న గుంపు, డిసెంబరు 21న ప్రళయం వస్తుందని నమ్మి కూర్చుంది. ప్రళయం రాలేదు. వాళ్ళలో చాలామంది నమ్మకం వదలకపోగా, ప్రచారం ఇంకా ఎక్కువ చేశారని దగ్గరుండి చూసిన లియాన్ ఫెస్టింగర్ బృందం నమోదు చేసింది. కళ్ళముందు జోస్యం తప్పినా కదలని మనిషి, మనం రాసిన ఒక్క వాక్యానికి కదులుతాడా? పైగా "బయటివాళ్ళు మనమీద విషం చిమ్ముతారు" అని సంఘం ముందే చెప్పి ఉంచుతుంది. మనం నిందిస్తూ బోర్డు పెడితే ఆ మాట నిజం చేసినట్టే. కాబట్టి రాయాల్సింది అప్పటికే అనుమానం మొదలైన మనిషికి. చుట్టూ కాపలా ఉన్న మనిషికి. ఆ ఇద్దరూ ఒకరే కావడం వల్లే ప్రతి చిన్న నిర్ణయమూ కష్టమవుతుంది.

దీనికి ముందు జరిగిన రెండు ప్రయత్నాలు పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. 2012లో అమెరికన్ ఏథీస్ట్స్ అనే నాస్తిక సంస్థ, న్యూయార్క్‌లో యూదు సంప్రదాయవాదులుండే విలియమ్స్‌బర్గ్ ప్రాంతం కోసం హీబ్రూలో హోర్డింగు తయారు చేసింది. దేవుడు కట్టుకథేనని మీకూ తెలుసు అన్నది దాని సారాంశం. 2016లో లాస్ ఏంజెలిస్‌లోని ఎకో పార్క్‌లో, సైంటాలజీ అనే మతసంఘంలో ఉన్న పిల్లలు తమతో సంబంధం తెంచుకున్న ఒక జంట, సైంటాలజీలో ఉన్న తమవారికి "ఫోన్ చెయ్యి" అని బోర్డు పెట్టించారు. మొదటిది వాదన, రెండోది పిలుపు. మేము రెండో దారిలో వెళ్ళాం.

మా బోర్డు మీద ఉన్న మాటలు ఇంతే: "ఎన్నాళ్ళైనా పర్లేదు నాన్నా. ఫోన్ చెయ్యి. ఏమీ అడగం." కింద నంబరు. కొడుకునీ కూతుర్నీ కూడా "నాన్నా" అని పిలిచే ఇళ్ళు మనవి, అందుకని ఒక్క పిలుపే సరిపోయింది. అక్షరాలు పెద్దగా, బొమ్మ లేకుండా. మోసం, బ్రెయిన్‌వాష్, కల్ట్, విముక్తి, కాపాడతాం లాంటి మాటలేవీ దగ్గరికి రానివ్వకూడదు. తను బందీనని లోపలి మనిషి అనుకోడు, ఆ మాట చూడగానే ఇది నా గురించి కాదని తల తిప్పుకుంటాడు. మనిషి ఫొటో, పేరు కూడా వేయకూడదు. సిగ్గుతో ఇంకా లోపలికి పోతారు, సంఘం వాళ్ళని ఇంకో ఊరికి మార్చేస్తుంది.

చట్టం సంగతి బోర్డు వేయకముందే వకీలుకి చూపించి తేల్చుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్, మతభావాలను కావాలని, ద్వేషంతో గాయపరిస్తే 3 ఏళ్ళ వరకు జైలు అంటుంది. 196వ సెక్షన్ వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం గురించి. 356వ సెక్షన్ పరువునష్టం, అది ఒక్క మనిషికే కాదు, సంస్థకీ సమూహానికీ వర్తిస్తుంది. సంఘం పేరుగానీ గుర్తుగానీ వేయకపోతే ఈ మూడింటి ప్రమాదమూ చాలావరకు పోతుంది. "ఎత్తుకుపోయారు", "కనబడుటలేదు" అని కూడా రాయకూడదు. పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషి తన ఇష్టంతో వెళ్ళినట్టయితే అది తన హక్కు. 2018లో, మతం మారి తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకున్న కేరళ యువతి హాదియా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగానే చెప్పింది. కుటుంబాలకి ఇది మింగుడుపడదు. అయినా ఇది ఒప్పుకోని కుటుంబాన్ని ఈ పనిలో కలుపుకోవద్దనే నా అభిప్రాయం, ఎందుకంటే ఫోన్ మోగిన రోజున వాళ్ళు మొదట తిడతారు.

ఇక ఎక్కడ వేయాలి? బెంగళూరులో పెద్ద హోర్డింగుల సంగతి చిక్కే. 2016 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం ప్లాస్టిక్‌తో పాటు ఫ్లెక్సులనీ నిషేధించింది. 2018 ఆగస్టులో హైకోర్టు గట్టిగా అడిగాక నగరపాలిక బీబీఎంపీ హోర్డింగులు తీయించేసింది. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద 5 నగరపాలికలు వచ్చాయి, కాబట్టి ఏ జాగా ఎవరి కిందికొస్తుందో ముందు కనుక్కోవాలి. ఎవరైనా "రాత్రికి రాత్రి కట్టేస్తాం సార్" అంటే ఒప్పుకోవద్దు. గోడలకి పోస్టర్లు అంటించడం 1981 నాటి కర్ణాటక బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధక చట్టం కింద నేరం. మన ప్రకటన చట్టవిరుద్ధమైతే సంఘానికి ఒక్క ఫిర్యాదు చాలు. మిగిలేవి బస్ షెల్టర్లు, బీఎంటీసీ బస్సులు, మెట్రో స్టేషన్లు, మెట్రో పెట్టెల లోపలి ప్యానెళ్ళు, ఆటోల వెనకభాగం. వీటికి అనుమతి పొందిన ఏజెన్సీలుంటాయి, వాళ్ళ ద్వారానే పోవాలి. ఆటోలకి ఆర్టీఓ అనుమతి ఉందో లేదో కాగితం అడిగి చూడాలి.

ఏజెన్సీ ముందు మ్యాటర్ అడుగుతుంది, తర్వాత మీరెవరని అడుగుతుంది. రిజిస్టర్ అయిన ట్రస్టో సొసైటీయో ఉంటే పని సులువు: రిజిస్ట్రేషన్ కాగితం, పాన్, సంతకం చేసే మనిషి ఆధార్, ప్రకటన వల్ల వచ్చే చిక్కులకి బాధ్యత మాదేనని హామీపత్రం. బయటి ప్రకటనలకి 18 శాతం జీఎస్టీ, పత్రికలో స్థలానికి 5 శాతం, బడ్జెట్ వేసేటప్పుడే కలుపుకోవాలి. కొన్ని ఏజెన్సీలు "మతం" అన్న మాట చెవిన పడగానే వద్దంటాయి. మ్యాటర్లో మతం లేనేలేదని చూపించి, కుటుంబాల హెల్ప్‌లైన్ అని ఉన్నదున్నట్టు చెప్పాలి. అబద్ధం చెప్పి బుక్ చేస్తే మధ్యలో తీసేస్తారు, డబ్బు వెనక్కి రాదు.

చోటు ఎంపికలో అందరికీ మొదట తట్టేది ప్రార్థన మందిరం ఎదురుగానే పెట్టేద్దామని. వద్దు. అక్కడికి మనిషి ఒంటరిగా రాడు, పక్కన పెద్దలుంటారు. బోర్డు వైపు ఎవరు చూశారో, ఎవరు ఆగారో గమనిస్తారు. ఆ మనిషి ఒంటరిగా ఉండే చోటు కావాలి, రోజూ ఆఫీసుకెళ్ళే దారి అన్నమాట. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైన్ పూర్తిగా తెరిచాక కేఆర్ పుర, హూడి, కుందలహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మన తెలుగు పిల్లలు రోజూ వెళ్ళివచ్చే దారి అయింది. మొదటి పెట్టెలో ఆడవాళ్ళకి కేటాయించిన చోటు ఉంది. సంఘంలోని మగపెద్దలు అక్కడికి రాలేరు. ఆడపిల్లల కోసం అంతకంటే మంచి చోటు మరొకటి దొరకదని నా నమ్మకం.

భాష విషయంలో ఒక్కటే మాట. తెలుగు ఒక్కటే పెట్టి బెంగళూరు వీధిలో బోర్డు వేయొద్దు. 60 శాతం కన్నడ ఉండాలన్న 2024 చట్టసవరణ దుకాణాలు, సంస్థల పేర్ల బోర్డుల గురించి. అయినా ఏజెన్సీలు కన్నడ లేని బోర్డుని ముట్టుకోవు, వేసినా నిలవదు. పైన కన్నడలో అదే వాక్యం, కింద తెలుగు. కన్నడ కుటుంబాలకీ ఇదే కష్టం ఉంది కదా.

ప్రింటింగులో జరిగే తప్పులు ఎక్కువ భాగం ఫాంట్లవే. ఇక్కడి డిజైనర్లకి నుడి అనే కన్నడ టైపింగ్ సాఫ్ట్‌వేర్ అలవాటు, తెలుగు చదవడం రాదు. మనం వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ మ్యాటర్ వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో పెడితే వత్తులు విడిపోయి పక్కకి పడతాయి, పొల్లులు పైకి లేస్తాయి. తెలుగు తెలిసిన డీటీపీ వాళ్ళ దగ్గరే అక్షరాలు కూర్పించి, కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతలుగా మార్పించి, పీడీఎఫ్ ఇవ్వాలి. అప్పుడు ఏ కంప్యూటర్లో తెరిచినా అక్షరం మారదు. ప్రూఫు కాగితం మీద తీయించి, తెలుగు చదివే ఇద్దరు విడివిడిగా చూడాలి, నంబరు ఒక్కో అంకె పైకి చదవాలి. అక్షరం ఎత్తుకి మామూలు లెక్క పది అడుగుల దూరానికి ఒక అంగుళం. తెలుగులో వత్తులూ గుడులూ పైకీ కిందికీ జాగా తింటాయి కాబట్టి ఆ లెక్కకి సగం కలుపుకోవాలి, వరుసల మధ్య ఖాళీ వదలాలి. దారిన పోయే మనిషి చూపు బోర్డు మీద మూడు నాలుగు సెకన్లు నిలుస్తుంది, ఏడెనిమిది మాటలకి మించితే అందదు.

క్యూఆర్ కోడ్ వేయమని అందరూ అంటారు. మేము వేయలేదు. స్కాన్ చేయాలంటే ఫోన్ పైకెత్తి నిలబడాలి, పక్కనున్నవాళ్ళకి తెలిసిపోతుంది. ఫోన్లో చరిత్ర మిగులుతుంది, ఆ ఫోన్ సాయంత్రం ఇంకొకరి చేతిలోకి పోతుంది. గుర్తుండిపోయే నంబరు దానికంటే మేలు. అంకెలు జంటలుగా, ఒకటే మళ్ళీ మళ్ళీ వచ్చేలా ఉన్న నంబరుకి కాస్త ఎక్కువ డబ్బు పెట్టినా తప్పులేదు. ఆ మనిషి దాన్ని మనసులో పెట్టుకుని ఆఫీసు ఫోన్ నుంచో, పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) స్నేహితురాలి ఫోన్ నుంచో చేస్తుంది.

అన్నిటికంటే తక్కువ ఖర్చులో అయ్యేది, నా లెక్కన అన్నిటికంటే పనికొచ్చేది, కింద చింపుకునే చీటీలున్న ఏ4 కాగితం. మారతహళ్ళి, బీటీఎం వైపు పీజీల్లో, టిఫిన్ సెంటర్లలో, జిరాక్సు షాపుల్లో టు-లెట్ కాగితాలు అలాగే వేలాడుతుంటాయి. యజమానిని అడిగి పెట్టాలి. తెలుగువాళ్ళు నడిపే పీజీలు, ఆంధ్రా మెస్సులు ఒప్పుకుంటాయి. పైన అదే వాక్యం, కింద పది చీటీలు నిలువుగా కత్తిరించి. చీటీ మీద నంబరు తప్ప ఒక్క అక్షరం కూడా ఉండకూడదు, ఎందుకంటే అది పర్సులో దొరుకుతుంది. కాగితం పెట్టేటప్పుడే రెండు చీటీలు మనమే చింపేయాలి. ఎవరూ చింపని కాగితం నుంచి మొదటి చీటీ తీయడానికి అనుమానంలో ఉన్న మనిషి జంకుతుంది. ఎక్కువ చీటీలు పోయిన చోట ఎక్కువమంది ఉన్నారని వెంటనే సంబరపడొద్దు. సంఘంవాళ్ళే మొత్తం చింపేసి పోతుంటారు. ఒకటీ రెండూ తగ్గుతూ ఉంటే అది మంచి గుర్తు, మిగిలినవన్నీ ఒక్కసారి పోతే కాదు.

పత్రికల్లో, ఈనాడు, సాక్షి లాంటివాటికి బెంగళూరు సంచికలున్నాయి. చిన్న వర్గీకృత ప్రకటన మాటల లెక్కన, బాక్సు అయితే చదరపు సెంటీమీటరు లెక్కన. కనబడుటలేదు శీర్షిక కింద వేయాలంటే పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. మనకి అది అక్కర్లేదు, వ్యక్తిగతం శీర్షిక చాలు. నిజానికి పత్రిక లోపలివాళ్ళకంటే ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకి ఎక్కువ చేరుతుంది. వాళ్ళకీ మన నంబరు కావాలి కాబట్టి వేయడమే మంచిది. ఎఫ్ఎం, టీవీ జోలికి మేము పోలేదు. 1994 కేబుల్ టీవీ నియమాల్లో 7వ నియమం మతపరమైన ఉద్దేశం ఉన్న ప్రకటనల్ని ఒప్పుకోదు, ఎఫ్ఎంకి ఆకాశవాణి ప్రకటనల కోడ్ వర్తిస్తుంది.

ఆన్‌లైన్లో గూగుల్, ఫేస్‌బుక్ రెండూ మతం ఆధారంగా మనుషుల్ని ఎంచుకోనివ్వవు. ఫేస్‌బుక్ సంస్థ మెటా 2022 జనవరి 19 నుంచి ఆ వర్గాల్నే తీసేసింది. "మీరు ఫలానా సంఘంలో ఉన్నారా?" అని రాస్తే చదివేవాళ్ళ మతాన్ని ఊహించినట్టని తిరస్కరిస్తుంది. "మా తమ్ముడు ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు" అని మన వైపు నుంచి రాస్తే ఆ చిక్కు రాదు. భాష తెలుగు అని ఎంచుకోకూడదు. బెంగళూరులో తెలుగువాళ్ళ ఫోన్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి, తెలుగు అని పెడితే వాళ్ళే జారిపోతారు. గూగుల్ సెర్చిలో మాత్రం వెతికిన మాటను బట్టి ప్రకటన చూపించవచ్చు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేవాళ్ళే ఎక్కువ, ఒక్కో మాటకి నాలుగైదు స్పెల్లింగులు పెట్టుకోవాలి. పాటలు, లైవ్, టైమింగ్స్, అడ్రసు లాంటి మాటల్ని నెగటివ్ జాబితాలో, అంటే వెతికినా మన ప్రకటన కనిపించకూడని మాటల జాబితాలో వేయాలి, లేకపోతే సంఘాన్ని వెతుక్కుంటూ వచ్చే భక్తుల క్లిక్కులకే డబ్బంతా పోతుంది. ప్రదేశం దగ్గర "ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళు" అన్నది ఎంచుకోవాలి, "ఆసక్తి ఉన్నవాళ్ళు" అన్నది వద్దు. తెరుచుకునే పేజీలో ఫారం పెట్టొద్దు, వెంటాడే ట్రాకింగ్ కోడ్ అసలు పెట్టొద్దు. అది ఉంటే మన ప్రకటన ఆ మనిషి ఇంటి టాబ్లెట్లో, అందరి ముందూ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

బోర్డు ఎక్కకముందే ఫోన్ ఎత్తే మనుషులు సిద్ధంగా ఉండాలి. ఇద్దరు తక్కువ కాకుండా, అందులో ఒకరు ఆడమనిషి, రాత్రి పదకొండు దాటాక కూడా. ఆ నంబరు ట్రూకాలర్లో ఏ పేరుతో కనిపిస్తుందో వారం వారం చూడాలి. ఎవరైనా "బాధితుల సంఘం" అని సేవ్ చేసుకుంటే చేసినవాళ్ళ కాల్ జాబితాలో అదే కనబడుతుంది. మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేయకూడదు. "చేయొచ్చా, ఎప్పుడు?" అని ఆ మనిషే చెప్పాలి. తిరిగి చేసినప్పుడు వేరే గొంతు పలికితే మాట్లాడకుండా పెట్టేయాలి. మొదటి కాల్లో చాలామంది మాట్లాడరు, వింటారు అంతే. "వింటున్నాను, తొందరేం లేదు" అని ఊరుకోవాలి. సంఘం గురించి మనం ఒక్క చెడ్డమాట అన్నా ఫోన్ పెట్టేస్తారు, మళ్ళీ చేయరు. రాసుకునే పుస్తకంలో పేరు, సంఘం రాయొద్దు. రోజు, ఏం అడిగారు, మళ్ళీ ఎప్పుడు చేస్తామన్నారు, అంతే.

అడిగేవి మతం గురించి కావు. సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరున్నాయి, ఏం చేయాలి? ఏటీఎం కార్డు ఇచ్చేశాను, జీతం ఎలా ఆపుకోవాలి? ఈ రాత్రికి ఎక్కడుండాలి? అందుకని జవాబులు ముందే కాగితం మీద ఉండాలి. సర్టిఫికెట్లకి యూనివర్సిటీ నుంచి డూప్లికేట్లు వస్తాయి. బ్యాంకులో ముందు మార్చాల్సింది రిజిస్టర్డ్ మొబైల్ నంబరు, తర్వాత పిన్. నంబరు మార్చకుండా పిన్ మారిస్తే మెసేజ్ పాత ఫోన్‌కే పోతుంది. ఆడవాళ్ళకి 181, దాని ద్వారా ఆపదలో ఉన్న ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రం. ఉచిత న్యాయ సహాయానికి 15100. గదిలో పెట్టి తాళం వేస్తే అది న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం, 112కి చేయాలి. మనసు కుదురుగా లేనివాళ్ళకి టెలిమానస్, 14416. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవకి కేంద్రం మన ఊళ్ళోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్సే, తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. చావు మాట వస్తే ఆ నంబరు చెప్పి వదిలేయకూడదు, లైన్లో ఉంటూనే కలపాలి.

తప్పకుండా వచ్చే ఇంకో ఇబ్బంది, ఇతర మతాల సంస్థలూ రాజకీయ కార్యకర్తలూ "మీకు మేమున్నాం, ఆ సంఘం పేరు చెప్పండి చాలు" అని రావడం. డబ్బు కూడా ఇస్తామంటారు. ఒక్కరి దగ్గర తీసుకున్నా లోపలివాళ్ళ దృష్టిలో మనం శత్రువుల మనుషులమే. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టి పంపేయాలి. సంఘం మనుషులే బాధితుల్లా ఫోన్ చేసి ఎవరెవరు మాట్లాడుతున్నారో ఆరా తీస్తారు కూడా. ఇంకొకరి గురించి ఎవరికీ ఏమీ చెప్పకపోవడమే దానికి మందు.

ఎప్పుడు వేయాలంటే సంక్రాంతి ముందు. డిసెంబరు చివర నుంచి జనవరి రెండో వారం దాకా టిన్ ఫ్యాక్టరీ దగ్గర చిత్తూరు, నెల్లూరు బస్సులకి, హెబ్బాళ దగ్గర అనంతపురం, కర్నూలు బస్సులకి బ్యాగులతో జనం నిలబడతారు. పండక్కి వెళ్ళనివ్వని మనిషి ఆ దారిలోనే ఆఫీసు నుంచి తిరిగొస్తాడు. అప్పుడు ప్యానెళ్ళు దొరకడం కష్టం, నవంబరులోనే మాట్లాడి పెట్టుకోవాలి.

ప్రకటన గడువు తీరాక కూడా నంబరు బతికుండాలి. వాడకుండా 90 రోజులు వదిలేసిన ప్రీపెయిడ్ సిమ్ మూతపడి, కొన్నాళ్ళకి ఇంకొకరికి పోతుంది. చీటీ చింపుకున్న మనిషి ఫోన్ చేయడానికి ఏడాది పట్టొచ్చు. అందుకే నంబరు ట్రస్టు పేరు మీద తీసుకుని, ఏడాది రీఛార్జి డబ్బు మొదటి బడ్జెట్లోనే పక్కన పెట్టాం. ఫోన్ ఎత్తేవాళ్ళ వంతుల పట్టిక కూడా బోర్డులు దిగాక అలాగే నడుస్తోంది.